అడ్డగొట్టం

ఆ వేసవిలో నా భార్య తలనొప్పికి నేను కారు పొగగొట్టం మార్చాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు.

నన్ను మెర్వ్ అంటారు. మెల్‌బోర్న్‌కి ఐదు గంటల దూరంలో, బిర్రగూల్ అనే ఊళ్ళో సైలెన్సర్ల షెడ్డు నాది. ఊళ్ళో ఉన్న ఒంటిగది బడిలో చదివినంత చదివి, పద్నాలుగో ఏట వెల్డింగు పట్టుకున్నాను. నాకు తెలిసింది పొగ ఒక్కటే. అది ఎక్కడ పుడుతుందో, ఎటు పోవాలో, ఎక్కడ కారుతుందో చెప్పగలను. అందుకే అలా జరిగింది.

ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్ళం. నేను, నోలీన్, ఆమె తమ్ముడు డారిల్. వాడు పెళ్ళీ పెటాకులూ లేకుండా మా పెరట్లో చక్రాల మీద గదిలాంటి కారవాన్ పెట్టుకుని, మా బల్ల దగ్గరే తిని, నా షెడ్డులోనే పనిచేసేవాడు. నోలీన్ స్కూలు బస్సు నడిపేది. సెలవుల్లో మాత్రం ఆమెకు ఒకటే పని, ఫాల్కన్. డెబ్భై నాలుగో సంవత్సరం కారు. ఎనిమిది సిలిండర్ల ఇంజిన్. దాన్ని తన చేత్తో విప్పి, తన చేత్తో బిగించింది. ఏటా మార్చి మొదటి ఆదివారం, ఊరి చివర పాత విమానాల రన్‌వే మీద పందేలు. పావు మైలు. ఆ రోజు అది పదమూడుం పావు సెకన్ల లోపు దాటినవాళ్ళ పేర్లు క్లబ్బు గోడ మీద బోర్డుకి ఎక్కిస్తారు. పదకొండు పేర్లున్నాయి. నాలుగోది నాది, తొమ్మిదోది డారిల్‌ది. ఆమెది లేదు. ఆరేళ్ళుగా పదమూడు పాయింట్ నాలుగు దగ్గర ఆగిపోయింది. ఆమెకు యాభై ఎనిమిది.

డిసెంబరు రెండో వారం, మాకు నడివేసవి. గోధుమ లారీలు గాదెల ముందు బారులు తీరి ఉన్నాయి. మధ్యాహ్నం చల్లటి మటన్, బీట్‌రూట్ ముక్కలు పెట్టుకుని కూర్చున్నాం. మాటలు ఎప్పటిలాగే అడ్డగొట్టం దగ్గరికి వచ్చాయి.

అలాంటి ఇంజిన్‌కి అటు నాలుగు సిలిండర్లు, ఇటు నాలుగు. అటు ఒక పొగగొట్టం, ఇటు ఒకటి. రెండిటినీ దారిలో ఎక్కడో కలపాలి. కలపకపోతే ఇంజిన్ సాఫీగా ఊపిరి వదలదు. కలపడానికి పద్ధతులు రెండు. రెండు గొట్టాల మధ్య అడ్డంగా పొట్టి ముక్క అతికితే అది హెచ్. రెండు గొట్టాలూ ఒకదాని మీదికొకటి ఒరిగి, కలిసి, మళ్ళీ విడిపోతే అది ఎక్స్. హెచ్ గొంతు లావు. బయల్దేరేటప్పుడు బాగా లాగుతుంది. ఎక్స్ గొంతు సన్నం. చివర్లో పరుగు అందుకుంటుంది. నేను పుట్టుక నుంచీ హెచ్ మనిషిని. డారిల్ ఎక్స్.

"హెచ్ ముసలాళ్ళ సరుకు బావా," అన్నాడు డారిల్ నోట్లో బీట్‌రూట్ నములుతూ. "నీ చెవికి ఇంపుగా ఉంటుందంతే. గడియారానికి చెవులుండవు."

"ఎక్స్ దోమ కూసినట్టు కూస్తుంది."

"కూయనీ. దోమే ముందు పోతుంది."

"నీకు పెళ్ళి ఎందుకు కాలేదో ఇప్పుడర్థమైందిరా. దోమ సంగీతం వినే ఆడదెవరు?"

"నీకు అయింది చూడు, అది అక్క చేసిన పొరపాటు."

నోలీన్ ఫోర్కుతో బల్ల మీద కొట్టింది. "ఇద్దరూ ఆపండి. నడిపేది నేను. రెండూ చెయ్యండి. గడియారం ఏది చెబితే అది ఉంటుంది. బోర్డు మీద పేర్లున్నవాళ్ళు మాట్లాడక్కర్లేదు."

అలాగే చేశాం. అడ్డగొట్టం ఎక్కడ అతకాలో తెలియాలంటే మా దగ్గర ఒక పద్ధతి ఉంది. రెండు గొట్టాలకీ పొడుగునా చవక నల్లరంగు పూస్తాం. కారుని ఒక్కసారి పూర్తి వేగంతో తోలి ఆపేస్తాం. వేడికి రంగు కాలిపోతుంది. ఎక్కడిదాకా కాలిందో అక్కడే వేడి బలం ఆగినట్టు. అడ్డగొట్టం అక్కడ అతకాలి.

రన్‌వే మీద నలభై రెండు డిగ్రీల ఎండ. నోలీన్ తోలుకొచ్చి ఆపింది. ముగ్గురం కారు కింద దూరి వెల్లకిలా పడుకున్నాం. గొట్టాలు ఇంకా టిక్కుటిక్కుమంటున్నాయి. గేరుపెట్టె తోకకి జానెడు వెనక రంగు ఆగింది. ఆమె సుద్దముక్కతో గీత గీసింది. కుడి గొట్టం మీద గీత తిన్నగా వచ్చింది. ఎడమ గొట్టం మీద గీయబోయి, చెయ్యి గాలిలో రెండుసార్లు తప్పి, మూడోసారి తాకింది.

"తాగావా ఏంటే అక్కా?" అన్నాడు డారిల్.

"చెమట కళ్ళలోకి పోతోంది," అంది.

హెచ్ పెడితే పదమూడు పాయింట్ మూడు ఒకటి వచ్చింది. ఎక్స్ పెడితే పదమూడు పాయింట్ రెండు రెండు. వందో వంతులు తొమ్మిది తేడా. రెప్ప పడేంత సేపు కూడా కాదు. కాని ఒకటి బోర్డుకి అవతల, ఒకటి ఇవతల. డారిల్ రన్‌వే మీద టోపీ తీసి గంతులేశాడు. నోలీన్ కారు దిగకుండా స్టీరింగు మీద తల ఆనించి నవ్వింది. నవ్విందనే అనుకున్నాను.

ఎక్స్ ఉండిపోయింది.

క్రిస్మస్‌కి నాలుగు రోజుల ముందు పొద్దున నోలీన్ వంటింటి మెట్టు మీద తల పట్టుకుని కూర్చుని ఉంది.

"ఏమైంది?"

"తల పగిలిపోతోంది."

"కార్లో పొగ వాసన వస్తోందా?"

నేను అడిగిన మొదటి ప్రశ్న అది.

కాసేపు ఆలోచించింది. "రావచ్చు," అంది.

అది చాలింది నాకు. లేదన్నా అదే అనుకునేవాణ్ణి, పొగలో మనిషిని పట్టే విషానికి వాసనే ఉండదు. తలనొప్పి, వాంతి, కళ్ళు తిరగడం, అన్నీ దాని లక్షణాలే. షెడ్డు వంటింటిని ఆనుకునే ఉంది. డారిల్ పొద్దున్నే కారు వేడెక్కిస్తాడు. ఎక్స్‌లో అతుకులు ఎక్కువ, పైగా వెల్డింగు డారిల్‌ది. అంతా ముక్కకి ముక్క అతికినట్టు అతికింది.

వెనక గొట్టాల మూతులకి గుడ్డలు కుక్కి, అతుకుల మీద సబ్బునీళ్ళు పోసి, ఇంజిన్ తిప్పాను. ఎక్స్ కలిసే చోట ఆవగింజంత బుడగ. డారిల్‌ని పిలిచి చూపించాను.

"ఇది మనిషికి ఏం చేస్తుంది బావా? చీమకి కూడా తల నొప్పెట్టదు."

"అతుకెయ్యి."

వేశాడు. వారం తర్వాత నోలీన్ పళ్ళెం ముందు నుంచి లేచి వెళ్ళి సింకులో వాంతి చేసుకుంది. నేను మళ్ళీ సబ్బునీళ్ళు పోశాను. ఇంకో బుడగ దొరికింది. ఏ కారు కిందైనా పట్టుబట్టి వెతికితే ఒక బుడగ దొరుకుతుంది. నలభై ఏళ్ళుగా ఆ సంగతి నాకు తెలుసు. మొత్తం ఎక్స్ కోసి అవతల పారేసి నా హెచ్ పెట్టాను.

"అయితే పదమూడు పాయింట్ మూడు ఒకటి," అంది నోలీన్.

ఆ తర్వాత మూడు రోజులు ఆమెకు తల నొప్పెట్టలేదు. నేను ఎంత సంతోషించానో ఇప్పుడు తలుచుకోను. కొత్త సంవత్సరం రోజున భోజనాల దగ్గర బీరు సీసా ఎత్తాను. "హెచ్‌కి," అన్నాను. డారిల్ సీసా ఎత్తలేదు.

"ఏరా, నోరు పడిపోయిందా? నీ ఎక్స్ మీ అక్కకి పది రోజులు విషం పట్టింది. కనీసం తప్పయిందని చెప్పు."

"మెర్వ్, ఊరుకో," అంది నోలీన్.

డారిల్ నా వైపు చూడలేదు. "అక్కా, మంగళవారం డాక్టరు వస్తాడు కదా. ఒకసారి చూపించుకో."

"ఎందుకురా? తగ్గిపోయిందిగా," అన్నాను.

"బావా, నీకు పొద్దున్నే లేచే అలవాటు లేదు. నాకుంది. నేను కారు తియ్యకముందే అక్క మెట్టు మీద కూర్చుని ఉంటుంది. ఒకరోజు కాదు, రోజూ చూస్తున్నాను. అది పొగ కాదు. నీ పైపూ కాదు, నా పైపూ కాదు."

వాడి గొంతులో ఎగతాళి లేదు. అది గమనించాను కూడా. కాని నాకు వినిపించింది వేరు. ఎక్స్ మనిషి ఎక్స్‌ని కాపాడుకుంటున్నాడు. ఇరవై ఏళ్ళుగా వాడూ నేనూ పోట్లాడుకున్న ప్రతిసారీ వాడు అలాగే పక్కదారి పట్టించేవాడు, నేనూ అంతే. మా ఊళ్ళో హెచ్ మనుషులు ఎక్స్ మనుషుల పెళ్ళిళ్ళకి వెళ్ళి కూడా ఆ గొడవే పడతారు. వాడు డాక్టరు అంటే, నాకు పైపు అన్నట్టే వినబడింది.

"చేతకాని వెల్డింగు చేసి ఇప్పుడు మీ అక్కకి రోగం అంటగడుతున్నావా?"

"రోగమని నేనన్లేదు."

"నా ఇంట్లో తింటూ నాకు పొగ గురించి చెబుతావా? లే. నీ కారవాన్ తగిలించుకుని పో."

"మెర్వ్," అంది నోలీన్.

"నువ్వు మాట్లాడకు. నీ తల బాగుచేసింది ఎవరు?"

డారిల్ పళ్ళెం కడిగి బోర్లించాడు. కారవాన్‌ని వెనక తొట్టి ఉన్న తన పాత యూట్‌కి తగిలించాడు. నాలుగు చక్రాల్లో రెండింటికి గాలి లేదు. గాలి కొట్టుకోవడానికి షెడ్డులోకి రాలేదు, అలాగే ఈడ్చుకుపోయాడు. నోలీన్ గేటు దగ్గర నిలబడి, దుమ్ము అణిగేదాకా చూసి లోపలికి వచ్చింది.

"వాడు చెప్పింది పైపు గురించి కాదు," అంది.

"వాడు ఎప్పుడూ పైపు గురించే చెబుతాడు."

మర్నాడు, హెచ్ పెట్టిన నాలుగో రోజున, తలనొప్పి తిరిగి వచ్చింది. నేను హెచ్‌ని అనుమానించాను. నా సొంత చేతి పనిని అనుమానించడానికి సిద్ధపడ్డాను, డారిల్ మాటని నమ్మడానికి మాత్రం కాదు. హెచ్ తీసి, ఇంకా మందం గొట్టంతో ఇంకో హెచ్ చేశాను. ముందు భాగంలో ప్యాకింగులన్నీ మార్చాను. కారు అడుగున రేకు చిల్లులకి సీలు పూశాను. జనవరి ఆఖరి వారంలో విసిగిపోయి, ఇంజిన్ నుంచి వెనకదాకా గొట్టాలన్నీ ఊడదీసి, కారుని నాలుగు స్టాండ్ల మీద ఎక్కించాను. మొత్తం కొత్తగా మొదలుపెడదామని.

అప్పుడప్పుడు నోలీన్ షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడేది.

"మార్చికి అవుతుందా?"

"అవుతుంది."

"హెచ్చా, ఎక్సా?"

"నీ తల ఏది ఒప్పుకుంటే అది."

నవ్వేది. గుమ్మం ఎడమ చెక్కకి భుజం తగిలించుకుంటూ వెనక్కి తిరిగేది. ఆ నెలలో ఆమె ఎడమ భుజమంతా కమిలిపోయి ఉంది. ఎందుకని నేను అడగలేదు.

ఫిబ్రవరి మొదటి మంగళవారం. బడులు తెరిచి వారమైంది. నోలీన్ బస్సు తీసుకుని వెళ్ళిన పావుగంటకే నడుచుకుంటూ తిరిగి వచ్చింది. బస్సు తాళాలు బల్ల మీద పెట్టింది.

"డిపో గేటుకి గుద్దాను. ఎడమ అద్దం పోయింది. పిల్లలింకా ఎవరూ ఎక్కలేదు."

"పోనీలే. అద్దమేగా."

"గేటు కనపళ్ళేదు మెర్వ్. ఇరవై రెండేళ్ళుగా ఉన్న గేటు."

టీ కలిపి ఇచ్చాను. రెండు గుక్కలు తాగి కప్పుని ఎడమ వైపు పెట్టింది. అక్కడ బల్ల లేదు. కప్పు కింద పడి పగిలింది. ఆమె కిందకి చూసింది. చూసి, అక్కడ బల్ల ఉండాలి కదా అన్నట్టు చేత్తో గాలిని తడిమింది.

నేను తలుపులోంచి షెడ్డులోకి చూశాను. కారు స్టాండ్ల మీద ఉంది. దాన్ని స్టార్టు చేసి పన్నెండు రోజులైంది. దాని కింద ఒక్క గొట్టం లేదు.

"డాక్టరు ఏ రోజు వస్తాడు?" అన్నాను.

"ఇవాళే. నాలుగింటిదాకా ఉంటాడు."

పెంకులు ఎత్తి చెత్తబుట్టలో వేసి వెళ్ళాం.

ఆ డాక్టరు పావుగంటలో తేల్చి, అప్పటికప్పుడు మెల్‌బోర్న్ పంపించాడు. ఐదు గంటల దారి. అక్కడ ఆపరేషన్లు చేసే డాక్టరు చిన్నమ్మాయి. మెదడు ఫొటోలు ముందు పెట్టుకుని అడిగింది, "ఈ తలనొప్పులు ఎప్పటి నుంచి?"

నేనే చెప్పాను. "డిసెంబరు ఇరవై ఒకటి నుంచి. ఎక్స్ పెట్టిన దగ్గర్నుంచి."

ఆ పిల్లకి అర్థం కాలేదు. నోలీన్ వైపు తిరిగింది.

"సెప్టెంబరు నుంచి," అంది నోలీన్.

ఫొటోలో కుడివైపు, తల వెనక, నారింజ తొనంత తెల్లటి ముద్ద. వేళ్ళు చాచినట్టుంది. కొంత తీయగలమని, అంతా తీయలేమని చెప్పింది. నేను ఆమెని విడిగా వరండాలో పట్టుకున్నాను.

"క్రిస్మస్‌కి తీసుకొచ్చి ఉంటే?"

"చివరికి జరిగేది మారదు," అంది. ఆగింది. అబద్ధం చెప్పడం ఇంకా నేర్చుకోలేదు. "బహుశా ఇంకో చలికాలం దొరికేది."

ఆపరేషను ముందు రోజు నోలీన్ పక్కన కూర్చున్నాను. తల గొరిగేశారు.

"సెప్టెంబరు నుంచి అయితే నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే కారెక్కనిస్తావా?"

దుప్పటి అంచు ఆమె భుజం దాకా లాగాను.

"తర్వాత నువ్వు పొగ అన్నావు," అంది. "పొగే అయితే బాగుణ్ణు అనుకున్నాను. నీ చేతిలో బాగయ్యేది అదొక్కటే కదా."

ఆ మాట ప్రేమతో అంది. దానికి నేను ఆమెని ఇప్పటికీ క్షమించలేదు. డారిల్ మాట విని డాక్టరు దగ్గరికి పోనివ్వకుండా నన్ను ఆ కారు కింద ఆరు వారాలు పడుకోనిచ్చింది. తనకి తెలిసి.

మార్చి మొదటి ఆదివారం ఆమెకు ఎడమ చెయ్యి ఆడటం లేదు. టైమెంతయింది అని అడిగింది. పదకొండు అన్నాను.

"ఆడవాళ్ళ పందెం మొదలవుతుంది," అంది. కళ్ళు మూసుకుని, కుడి కాలు దుప్పటి కింద మెల్లగా నొక్కింది. అలాగే నొక్కి పెట్టి ఉంచింది. నేను లెక్కపెట్టలేదు. కొంతసేపటికి వదిలేసింది.

"డారిల్ ఏడి?"

"వస్తున్నాడు," అన్నాను.

వాడికి నేను ఫోను చెయ్యలేదు. ఆమె ఆస్పత్రిలో ఉందని ఊళ్ళో ఎవరో చెప్పే ఉంటారు, అయినా నేను రమ్మంటే తప్ప రాకూడదని వాడు ఊరుకున్నాడు. వాడి తత్వం అది. ఆదివారం, సోమవారం, మంగళవారం. మూడు రోజులూ ఆమె అడిగింది, నేను వస్తున్నాడన్నాను. ఫోను పట్టుకుని వరండాలో నిలబడేవాణ్ణి. వాడికి మొదట ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఏం చెప్పినా, నువ్వన్నదే నిజమైందిరా అనే మాట దానిలో ఉంటుంది.

బుధవారం చేశాను. "మీ అక్కకి బాగాలేదు, రా," అని పెట్టేశాను. వాడు యూట్ వేసుకుని ఐదు గంటల దారి నాలుగు గంటల్లో వచ్చాడు. అప్పటికి ఆమెకు మాట పోయింది. వాడు ఆమె కుడి వైపు కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెబుతూనే ఉన్నాడు. ఏం చెప్పాడో నాకు వినపళ్ళేదు. ఆమె వింటోందో లేదో వాడికీ తెలియదు. శనివారం పోయింది.

అంత్యక్రియలకి ఊరంతా వచ్చింది. హెచ్ మనుషులూ, ఎక్స్ మనుషులూ. డారిల్ చివరి వరసలో నిలబడ్డాడు. సొంత తమ్ముడు చివరి వరసలో ఏంటని అందరూ నా వైపు చూశారు. చూడనీ.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం వాడు షెడ్డుకి వచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మం బయటే నిలబడ్డాడు. గెడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు. కారు అలాగే స్టాండ్ల మీద ఉంది.

"బావా."

నేను తలెత్తాను.

"క్లబ్బువాళ్ళు రన్‌వే ఒక రోజు మనకి వదుల్తామన్నారు. ఈ కారుని ఒక్కసారి ఆ చివరిదాకా తీసుకెళ్దాం. పందెమేం కాదు. అక్క కోసం."

"గొట్టాల్లేవు."

"చేద్దాం. ఇద్దరం చేస్తే రెండు రోజుల పని." చేతుల్లో టోపీ తిప్పుతున్నాడు. "హెచ్చే పెడదాం బావా. నువ్వు చెప్పిందే పెడదాం."

ఇరవై ఏళ్ళలో వాడు ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. అక్క పెళ్ళిరోజుకి కూడా అనలేదు. ఇప్పుడు అన్నాడు. నా మీద జాలిపడి అన్నాడు.

వాడు నన్ను తిట్టి ఉంటే లోపలికి రమ్మనేవాణ్ణి. నువ్వే చంపావురా అని ఉంటే, టీ పెట్టి, కూర్చోబెట్టి, అవునని చెప్పేవాణ్ణి. ఆస్పత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ నేను ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాను.

గ్రైండరు ఆన్ చేశాను. చేతిలో ఏ ముక్క ఉందో కూడా చూడలేదు. నిప్పురవ్వలు లేచాయి. వాడు కాసేపు నిలబడ్డాడు. ఏదో అన్నాడు కూడా, పెదాలు కదిలాయి. ఆ చప్పుడులో వినపళ్ళేదు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తొమ్మిదేళ్ళయింది. వాడు ఇప్పుడు గాదెల పక్క వీధిలో ఉంటాడు. రొట్టెల దుకాణంలో ఎదురుపడితే వాడు తల వంచుతాడు, నేను వంచను. కోపం తగ్గలేదా మెర్వ్ అని ఊళ్ళోవాళ్ళు అడుగుతారు. వాడు చేసిన తప్పేదో ఉందనుకుంటారు. తప్పు వాడిదే అయితే ఎప్పుడో క్షమించేసేవాణ్ణి.